పడవలో చలి వేస్తోందా? ముందు రెండు గొట్టాలూ ముట్టుకొని చూడండి

మే నెలలో తెనాలిలో మా నాన్న తల మీద తడిగుడ్డ వేసుకొని కూర్చుంటారు. అదే మే నెలలో మేము అమెరికాలోని మిన్నెసోటాలో, మిన్నెటోంకా సరస్సు మీద, ఉన్ని టోపీలు చెవుల దాకా లాక్కొని పడవలో కూర్చుంటాం. ఇక్కడ మామూలుగా ఏప్రిల్‌లో గాని మంచు కరగదు. మే మధ్యలో చేపల వేట మొదలయ్యే నాటికి కూడా నీళ్లలో వేలు పెడితే ఎముక జివ్వుమంటుంది. అందుకే ఇక్కడి పడవల్లో కాళ్ల దగ్గర హీటరు, సీట్ల మెత్తల్లో వేడి పరుపులు పెడతారు. మొదటిసారి ఫోనులో చూపించినప్పుడు నాన్న పడీ పడీ నవ్వారు. "సీటుకు వేడి ఎందుకమ్మా? మన ఊళ్లో స్కూటరు ఎండలో పెడితే చాలు కదా!"

మాది ఇరవై రెండు అడుగుల పడవ. ఒకరు వాడి అమ్మేస్తే కొన్నాం. పెట్రోలు ఇంజను, సరస్సు నీటినే తోడుకొని చల్లబడే రకం. నడపడం మా ఆయన పని, మరమ్మతు నా పని. నాన్నకు మోటార్లు రీవైండింగ్ చేసే దుకాణం ఉండేది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఆయన పక్కన టెస్ట్ ల్యాంపు పట్టుకొని నిలబడేదాన్ని. ఏ మోటారు వచ్చినా ఆయన విప్పే ముందు దారి వెతికేవారు: ఎక్కడి దాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది? పడవలోనూ నేను చేసేది అదే. ఇక్కడి మిత్రులు చలి వేయగానే కొత్త హీటరుకు ఆర్డరు పెట్టేస్తారు. నాకు తెలిసి అందులో సగానికి సగం అనవసరపు ఖర్చు.

హీటరు అనగానే మనకు బకెట్లో వేసే రాడ్డు గుర్తొస్తుంది. పడవ హీటరులో అలాంటి తీగ ఏదీ లేదు. ఇంజను వేడెక్కించిన నీళ్లు ఒక గొట్టంలో వస్తాయి, డ్యాష్‌బోర్డు కింద ఉన్న చిన్న రేడియేటరులో తిరుగుతాయి, రెండో గొట్టంలో ఇంజనుకు తిరిగి వెళ్లిపోతాయి. ఆ రేడియేటరు మీదుగా ఫ్యాన్ గాలి ఊదుతుంది. అంతే. కరెంటు ఫ్యాన్ తిప్పడానికే తప్ప వేడికి కాదు. సీట్ల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: అక్కడ నీళ్లు లేవు, వేడంతా కరెంటుదే. కాబట్టి హీటరు చల్లగా ఉంటే నీటి దారి చూడండి, సీటు చల్లగా ఉంటే తీగల దారి చూడండి. రెండూ ఒకేసారి ఆగిపోతే రెండింటికీ కరెంటు వచ్చే చోటు చూడండి. (పెద్ద పడవల్లో డీజిలుతో విడిగా మండే హీటర్లు ఉంటాయి. వాటి కథ వేరు, ఇక్కడ దాని జోలికి పోను.)

మూత తీసే ముందు

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పడవ అడుగున గుంటలోకి దిగి అక్కడే కూర్చుంటుంది. ఇంజను మూత ఎత్తి ముందు వాసన చూడండి. తర్వాత ఆ గుంటలోని గాలిని బయటికి తోసే ఫ్యాన్‌ను నాలుగు నిమిషాలు నడిపాకే తాళం తిప్పండి. తీగలు విప్పే పని ఉంటే ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఇంకొక మాట. ఇంజను గదిలో రిలే, మోటారు లాంటివి మార్చాల్సి వస్తే కారు విడిభాగాల దుకాణంలో చవకగా దొరుకుతున్నాయని తెచ్చి పెట్టవద్దు. పడవలకు అమ్మేవాటిని లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటుకోకుండా తయారు చేస్తారు. చూడడానికి రెండూ కవలల్లా ఉంటాయి, ధరలో మాత్రం పోలిక ఉండదు. ఈ ఒక్క విషయంలో నేను బేరం ఆడను.

ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మాత్రం చల్లగా ఉంది

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఇంజను బాగా వేడెక్కనివ్వండి. వేడిని బట్టి నీళ్ల దారి తెరిచి మూసే థర్మోస్టాట్ మా ఇంజనులో 71 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుంటుంది. మీటరు ముల్లు అక్కడికి దగ్గరగా నిలబడాలి. రోజంతా తిరిగినా ముల్లు 45, 50 దాటకపోతే హీటరును వదిలేయండి, థర్మోస్టాట్ తెరుచుకొని ఇరుక్కుపోయి ఉంటుంది. ఏప్రిల్ నీళ్లు అంత చల్లగా ఉన్నప్పుడు ఇంజనుకే వేడి లేదు, ఇక మీ కాళ్లకు ఎక్కడి నుంచి తెస్తుంది?

ముల్లు సరిగ్గా ఉంటే డ్యాష్‌బోర్డు కిందికి దూరి హీటరుకు వచ్చే రెండు రబ్బరు గొట్టాలూ కనుక్కోండి. చేతి వెనుక వైపుతో ఒక్క క్షణం తాకి తీసేయండి. పిడికిట్లో పట్టుకుంటే కాలుతుంది.

రెండూ చల్లగా ఉన్నాయా? నీళ్లు అక్కడి దాకా రావడం లేదు. ఇంజను దగ్గర గొట్టానికి వాల్వు ఏదైనా ఉందేమో చూడండి. పిడి గొట్టానికి అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. వేసవిలో కాళ్లు ఉడుకుతున్నాయని కొందరు మూసేస్తారు, ఆ తర్వాత అది ఉందన్న సంగతే మరిచిపోతారు. వాల్వు తెరిచే ఉంటే గొట్టం వెంట చెయ్యి వేసుకుంటూ పోండి. మలుపుల దగ్గర నలిగి ఉండవచ్చు. అదీ కాకపోతే లోపల గాలి పట్టి ఉంటుంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ఒకటి వేడిగా, రెండోది చల్లగానో నులివెచ్చగానో ఉందా? నీళ్లు వస్తున్నాయి గాని దాటి పోవడం లేదు. రేడియేటరులో ఏదో అడ్డు పడింది. సరస్సు నీళ్లే నేరుగా తిరిగే పడవల్లో ఇది మామూలు. మిన్నెటోంకాలో 1987 నుంచి మిల్‌ఫాయిల్ అనే పరదేశపు నాచు పెరుగుతోంది, 2010లో జీబ్రా ఆల్చిప్పలు కూడా వచ్చి చేరాయి. నీళ్లు పీల్చే చోట జల్లెడ ఉన్నా సన్నని పోగులు, ఇసుక లోపలికి పోతూనే ఉంటాయి.

రెండూ వేడిగానే ఉన్నాయా? హీటరుకు ఏ జబ్బూ లేదు. గాలి దారి చూడండి. మాకు మొదటి ఏడాది జరిగింది ఇదే. అరగంట సేపు గొట్టాలు తడిమి, విప్పడానికి స్క్రూడ్రైవరు కూడా తీశాను. మా ఆయన టార్చి పట్టుకొని "ఏమో, ఆ లైఫ్ జాకెట్లు ఒకసారి తీసి చూడు" అన్నారు. ఐదు లైఫ్ జాకెట్లు, ఒక తాడు చుట్ట కలిసి మెత్తటి గాలి గొట్టాన్ని చపాతీలా అణిచేశాయి. వేడి గాలంతా డ్యాష్‌బోర్డు లోపలే తిరుగుతోంది. ఆ రోజు నుంచి ఆయన ముందు నేను స్క్రూడ్రైవరు తీయాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను.

పరుగు మీద వేడిగా, ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు చల్లగా వస్తుంటే అంత దిగులు పడనక్కర్లేదు. నిదానంలో నీటి తోపు తక్కువ. అయితే నిరుడు నిదానంలో కూడా వెచ్చగా ఉండి ఈ ఏడాది లేదంటే రేడియేటరు మెల్లగా పూడుకుపోతోందని అర్థం.

రేడియేటరు కడగడం, గాలి తీయడం

ఈ పని ఇంటి దగ్గర, ఇంజను పూర్తిగా చల్లారాక చేయండి. సరస్సు ఒడ్డున వద్దు. లోపలి నుంచి వచ్చే నాచు, గుల్లలు మళ్లీ నీళ్లలోకి పోకూడదు. ఇక్కడి చట్టం ప్రకారం సరస్సు వదిలి రోడ్డెక్కే ముందు పడవ అడుగు బిరడా తీసి నీళ్లన్నీ వదలాల్సిందే.

హీటరు దగ్గర రెండు క్లాంపులు వదులు చేసి గొట్టాలు లాగండి. రాకపోతే కత్తిరింపు పట్టుకారతో పీకవద్దు, రేడియేటరు ముక్కు పలచని లోహం, ఒంగితే ఇక అంతే. గొట్టాన్ని మెల్లగా మెలిపెడితే పట్టు వదులుతుంది. ఇప్పుడు తోటకు నీళ్లు పెట్టే పైపు తెచ్చి, నీళ్లు మామూలుగా బయటికి పోయే ముక్కు నుంచి లోపలికి, అంటే తిరగతోవలో, పంపించండి. కుళాయి కొద్దిగానే తిప్పండి. రెండో ముక్కుకు ఒక గొట్టం ముక్క తగిలించి తెల్లటి బకెట్టులో పెట్టండి. తెల్లటి బకెట్టే ఎందుకంటే ఏం వచ్చిందో కనబడాలి కదా. మా దాంట్లో మొదట టీ రంగు నీళ్లు వచ్చాయి. తర్వాత కాసేపు ఏమీ రాలేదు. ఆపైన గళ్ మని ఒక్కసారిగా నల్లటి నాచు ముద్ద, వెనకే గుప్పెడు ఇసుక, గోరంత గుల్లలు మూడు. తర్వాత నీళ్లు ధారగా పడ్డాయి. ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి, నీళ్లు తేటగా వచ్చే దాకా మార్చి మార్చి పంపండి.

గొట్టాలు తిరిగి తగిలించే ముందు గరాటుతో రేడియేటరు నిండా నీళ్లు పోయండి. చాలామంది ఇది చేయరు, తర్వాత "కడిగినా వేడి రాలేదు" అంటారు. చాలా పడవల్లో హీటరు ఇంజను కన్నా ఎత్తులో ఉంటుంది. లోపల గాలి బుడగ ఉండిపోతే నీళ్లు దాన్ని తోసుకొని ఎక్కలేవు. మన ఇళ్లలో మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండాక కుళాయి బుసలు కొడుతుందే, ఆ గాలే ఇదీ. నింపి, బిగించి, పైపుతో ఇంజనుకు నీళ్లు అందిస్తూ నడపండి. వేడెక్కాక కొంచెం వేగం పెంచి, నీళ్లు తిరిగి వెళ్లే గొట్టాన్ని చేతికి గుడ్డ చుట్టుకొని నొక్కి వదలండి, నాలుగైదుసార్లు. గుడగుడమని చప్పుడు వచ్చి ఆగిపోతే గాలి పోయినట్టే. నీళ్లు అందించకుండా మాత్రం ఇంజనును ఒక్క క్షణం కూడా నడపవద్దు. పంపులోని రబ్బరు రెక్కలు నీటి జారుడు మీదే బతుకుతాయి, ఎండుగా తిరిగితే ఇట్టే కాలిపోతాయి. సరస్సు నీళ్లు కాక, ఇంజనును చల్లబరిచే కూలెంటు ద్రవం విడిగా మూసి ఉన్న దారిలో తిరిగే రకమైతే నాచు బాధ లేదు. అక్కడ గాలి పట్టిందంటే ముందు కూలెంటు తగ్గిందేమో చూడాలి, తగ్గితే ఎక్కడికి పోయిందో వెతకాలి.

ఫ్యాన్ అసలే తిరగకపోతే వరస ఇది: ఫ్యూజు, స్విచ్చి దగ్గర కరెంటు, మోటారు దగ్గర కరెంటు, ఎర్త్ (అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే నల్ల తీగ దారి). మూడు వేగాల్లో గరిష్ఠ వేగం ఒక్కటే పనిచేస్తుంటే మోటారు మంచిదే, వేగం తగ్గించే రెసిస్టరు కాలిపోయింది. అది చిన్న వస్తువు, రెండు స్క్రూలు. మోటారు కొనకండి.

సీట్లు

ఇక నాన్న పాఠం పనికొచ్చిన చోటుకు వస్తున్నాను.

పోయిన ఏడాది మే నెలలో మా ఎడమ సీటు హాయిగా కాలుతుంటే, నడిపే సీటు జ్వరం తగ్గిన ఒంటిలా నులివెచ్చగా ఉండేది. ఫ్యూజు బాగుంది. స్విచ్చి దీపం వెలుగుతోంది. సీటు కింద ప్లగ్గు విప్పి మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులు. కరెంటు నిండుగా ఉంది కాబట్టి పరుపే చెడిందని తేల్చేసి కొత్తదానికి ధర కూడా చూశాను. రాత్రి ఫోనులో చెబితే నాన్న అడిగింది ఒక్కటే.

"ప్లగ్గు విప్పి చూశావా, పెట్టి చూశావా?"

"విప్పి చూశాను నాన్నా."

"మరి అది కొలతేనా? బరువు ఎత్తని వాణ్ని బలవంతుడు అంటావేమిటి? పెట్టి, స్విచ్చి వేసి చూడు. ముందు ఎర్త్ చూడమ్మా."

మర్నాడు పరుపు తీగ కరెంటుకు పెట్టే అడ్డును ఓమ్స్‌లో కొలిచాను: 3. రెండో సీటు పరుపు కూడా 3. అంటే పరుపు బాగుంది. పోల్చుకోవడానికి పక్కనే మంచి సీటు ఉండగా వేరే పుస్తకం దేనికి? ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, వెనుక వైపు నుంచి మీటరు సూదులు ఆనించి చూస్తే 10 వోల్టులు. 2.6 వోల్టులు దారిలో ఎవరో తినేస్తున్నారు. అప్పుడు పొడవాటి తీగతో ఒక సూదిని బ్యాటరీ నెగటివ్‌కు, రెండో సూదిని సీటు నల్ల తీగకు పెట్టాను. కరెంటు పారుతుండగా అక్కడ సున్నాకు దగ్గరగా రావాలి. 2.2 వచ్చింది.

దొంగ ఎర్త్ వైపే ఉన్నాడు. నల్ల తీగ వెంట పోతే డ్యాష్‌బోర్డు కింద ఒక బోల్టుకు నాలుగు తీగలు కలిపి బిగించి ఉన్నాయి. పైకి నిగనిగలాడుతున్నాయి. నట్టు విప్పితే మన ఇళ్లలో తోమకుండా వదిలేసిన రాగి చెంబు అడుగులా పచ్చటి చిలుము. లెక్క వేస్తే ఆ చిలుము అడ్డు ఓమ్‌లో మూడింట రెండు వంతులు. వేలికి పొడిలా అంటుకునే ఆ పూత వల్ల 53 వాట్లు రావాల్సిన సీటుకు 33 వాట్లే అందుతున్నాయి. గరుకు కాగితంతో రుద్దాను. తీగ చివర నల్లబడినంత మేర కత్తిరించి, తగరం పూత ఉన్న కొత్త లగ్గు (తీగ చివర బోల్టుకు తగిలించే రింగు) పెట్టి, బిగించి, పైన గ్రీజు పూశాను. ఖర్చు రెండు డాలర్లు కూడా కాలేదు. పడవ తీగల విషయంలో ఇక్కడి పనివాళ్లు పాటించే కొలత ఒకటుంది: ముఖ్యమైన వాటికి నూటికి 3, మిగతా వాటికి నూటికి 10 కన్నా వోల్టేజి దారిలో పోకూడదు. మాకు నూటికి ఇరవై దాకా పోయేది.

పరుపు కొలిస్తే మీటరు ఏ అంకె చూపకపోతే లోపల తీగ తెగినట్టు. పిల్లలు సీటు మీద మోకాళ్లు వేసి ఎగరడం, అంచు మీద నిలబడి నీళ్లలోకి దూకడం, తెగడానికి ఇవే కారణాలు. తెగిన చోట అతికించే పని పెట్టుకోవద్దు. అలాగే సీటులో ఒక్క చోటే చురుక్కుమన్నా, బట్ట మీద గోధుమ రంగు మచ్చ కనబడినా, మాడు వాసన వచ్చినా ఆ రోజే ప్లగ్గు తీసేయండి. పరుపు మడత పడితే వేడంతా ఆ మడతలో పోగవుతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే 10 ఆంపుల చోట 20 పెట్టి చూద్దామనే తెలివి చూపవద్దు. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, తీగ. సీటు వేడెక్కి, ఆగి, మళ్లీ వేడెక్కుతుంటే అది రోగం కాదు, లోపలి థర్మోస్టాట్ తన పని తాను చేసుకుంటోంది.

మా అత్తయ్యకు షుగరు. అరికాళ్లలో, తొడల్లో స్పర్శ తగ్గింది. ఆవిడకు ఈ సీటంటే మహా ఇష్టం. కాలుతున్నా తెలియని వాళ్లకు కొద్దిపాటి వేడి కూడా గంట సేపు తగిలితే బొబ్బలెక్కుతుంది. అందుకే ఆవిడ కూర్చుంటే తక్కువ మీటే వేస్తాం, పది నిమిషాలకు ఆపేస్తాం. "నన్ను చలికి వదిలేస్తున్నారు" అని ఆవిడ ఫిర్యాదు.

ఇంజను ఆపి తేలుతూ కూర్చున్నప్పుడు ఇంకో లెక్క గుర్తుంచుకోండి. సీటుకు 4 ఆంపుల చొప్పున రెండింటికి 8, హీటరు ఫ్యాన్‌కు మరో 6 నుంచి 8. ఇంజను లేనప్పుడు ఫ్యాన్ చల్లగాలే ఊదుతుంది, దాన్ని ఆపేయండి. సీట్లు, పాటలు వేసుకొని రెండు గంటలు కూర్చుంటే తాళం తిప్పినప్పుడు ఇంజను టక్కుమని ఊరుకున్నా ఊరుకోవచ్చు. చలి ఆగక, గుడ్డ పైకప్పు నాలుగు వైపులా మూసేసి ఇంజను నిదానంగా నడుపుకుంటూ కూర్చునేవారిని చూశాను. గ్యాసు పొయ్యి వెలిగించుకునేవారినీ చూశాను. రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది. దాన్ని పసిగట్టే అలారం మా పడవలో డ్యాష్‌బోర్డు పక్కన ఉంది.

నవంబరులో

నేను చేసిన పెద్ద తప్పు చెప్పి ముగిస్తాను. మొదటి శీతాకాలం ముందు ఇంజను నీళ్లన్నీ వదిలాను, బిరడాలు విప్పాను, గర్వంగా ఫొటో కూడా తీసి నాన్నకు పంపాను. హీటరును మరిచిపోయాను. హీటరు గొట్టాలు మధ్యలో కిందికి వేలాడతాయి కాబట్టి ఇంజను ఖాళీ చేసినా వాటిలో, రేడియేటరులో నీళ్లు నిలిచిపోతాయి. గడ్డ కట్టే నీరు నూటికి 9 వంతులు ఉబ్బుతుంది. ఏప్రిల్‌లో పడవ నీళ్లలో దింపి ఇంజను వేసిన ఐదు నిమిషాలకు మా అమ్మాయి "అమ్మా, నా షూస్ ఎందుకు తడిశాయి?" అంది. రేడియేటరు అతుకు వెంట జానెడు పగులు. సరస్సు నీళ్లను ఇంజనులోని పంపు తోడి పడవలో పోస్తోంది. గమనించకపోతే అడుగు గుంట నిండిపోయేది. ఆ రోజు రెండు గొట్టాలనూ హీటరు నుంచి పీకి, ఒకదాన్ని ఇంకొకదానికి రాగి గొట్టం ముక్కతో కలిపి బిగించి ఒడ్డుకు చేరాం. ఆ ముక్క, రెండు క్లాంపులు ఇప్పటికీ పనిముట్ల పెట్టెలో ఉన్నాయి.

ఇప్పుడు రెండు గొట్టాలూ హీటరు దగ్గర విప్పి, తక్కువ ఒత్తిడి గాలితో ఊది, నీళ్లు రావడం ఆగాక, చలికి గడ్డ కట్టని గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ద్రవం ఒక ముక్కులో పోస్తాను. రెండో ముక్కులో అదే రంగు చిక్కగా వస్తే చాలు, పలచబడితే ఇంకొంచెం పోస్తాను. వేడి నీళ్ల షవరు ఉన్న పడవల్లో ఆ పైపు కూడా ఈ గొట్టాలకే కలిసి ఉంటుంది, దాని పిడి కూడా నొక్కి గులాబీ రంగు వచ్చే దాకా వదలాలి. అన్నీ అయ్యాక ఒక అట్టముక్క మీద "హీటరు నీళ్లు తీశాను" అని రాసి, తేదీ వేసి, స్టీరింగుకు దారంతో కడతాను. అట్ట లేకపోతే పడవకు గుడ్డ కప్పడానికి మా ఆయనకు అనుమతి లేదు.